అంచు లేని తెల్లగుడ్డ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అనేవాళ్ళకేం, అంటారు. 1989లో నేను హైదరాబాదులో పరిశోధన మొదలుపెట్టినప్పుడు కనబడిన ప్రతివాడూ "నకిరేకల్ పిల్లవు, రాకెట్లతో నీకేం పని?" అని అడిగితే కోపం రాక ఇంకేమొస్తుంది? నేను రాకెట్లు చెయ్యడం లేదు మహాప్రభో, రాకెట్లకు సామాను చేసి ఇచ్చే చిన్న చిన్న షెడ్లవాళ్ళ గురించి రాస్తున్నాను అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది.

మా అబ్బా మెహమూద్ నకిరేకల్‌లో పల్లీల వ్యాపారి. ఆయనకైతే నా చదువు చివరిదాకా అర్థం కాలేదు. "బేటీ, పల్లీల మీద రాయరాదా? నాకు తెలిసిందంతా చెప్తుంటి గద" అనేవాడు. నిజంగానే బాధపడేవాడు, పాపం.

నా గైడు రఘుపతిగారు మంచివారు కానీ మహా మొండి. "రాకెట్ పనిలోకి దిగిన చిన్నవాళ్ళు కొత్త పద్ధతులు కనిపెడుతున్నారంటున్నావు. సరే. ఆ కొత్తది ఎక్కడ పుట్టిందో వేలు పెట్టి చూపించాలి జాహేదా. ఊరికే గొప్పగా ఉందని రాస్తే నేను సంతకం పెట్టను" అన్నారు. నేను చదివిన పుస్తకాలన్నీ ఒకటే పాట పాడేవి. తెగించే మనిషి ఒకడుంటాడు, వాడి తెగింపులోంచే కొత్తది పుడుతుంది, మిగతావాళ్ళు వాడి వెనక నడుస్తారు. అయితే ఆ తెగించే మనిషిని పట్టుకుంటే చాలు, వేలు పెట్టి చూపించేయొచ్చు అనుకున్నాను.

పట్టుకున్నాను కూడా. పేరు అమరేందర్. మక్తల్ దగ్గర మెట్ట సేద్యం చేసే కుటుంబం. ఇంజనీరింగ్ చదివి, మంచి ఉద్యోగం మానేసి, హైదరాబాదు శివార్లలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఉద్యోగం ఎందుకు మానేశావు అని అడిగితే "ఊకె కూసొని జీతం తీసుకునుడు నాతోని కాదు" అన్నాడు. ఇంతకంటే తెగింపు ఇంకేం కావాలి? ఆ సాయంత్రం హాస్టలుకు ఎగురుకుంటూ వెళ్ళాను.

అతను చేయబోయేది ఏమిటో నాకు ఓపిగ్గా చెప్పాడు. రాకెట్ అడుగున మంట వెళ్ళే గొట్టం ఉంటుంది. దాని లోపలివైపు ఒక రకం గుడ్డను పొరలు పొరలుగా చుట్టి, మధ్యలో జిగురు పోసి గట్టిపరుస్తారు. ఆ పొరలే మంటను ఆపుతాయి. గుడ్డ మామూలు నూలుది కాదు, ఇసుక నుంచి తీసిన దారంతో నేసినది. అంతవరకూ బయటి దేశం నుంచి వచ్చేది, ఇక అమ్మేది లేదన్నారు. ఇక్కడ ఒక ప్రయోగశాలవాళ్ళు ఎలాగో దారం తీశారు. నేసేదెవరు? పెద్ద మిల్లుల వాళ్ళు ఇంత చిన్న ముక్క కోసం మర ఆపం పొమ్మన్నారు.

"నేను నేపిస్తనని చెప్పిన" అన్నాడు అమరేందర్. "ఒక్క పడుగుకు సరిపోను దారమిచ్చిన్రు. గుడ్డ మంటకు నిలిస్తె పని నాది. నిలవకపోతె షెడ్డుకు తాళమే. మల్లా దారం ఇయ్యరు."

"ఎవరితోని నేపిస్తవ్ భాయ్?"

"పోచంపల్లి పోదాం పా రీసెర్చ్ మేడం. నీకు గూడ రాసుకునేటందుకు ఏమన్న దొరుకుతది" అన్నాడు. నన్ను ఎప్పుడూ అలాగే ఏడిపించేవాడు.

పోచంపల్లిలో దశరథం ఇంట్లో నడి హాలులోనే మగ్గం. మగ్గానికి అటు వంట, ఇటు పడక. దశరథం తక్కువ మాట్లాడే మనిషి. అతని తల్లి సాలమ్మ ఆ లోటు తీర్చేది. నా పేరు, మా ఊరు, మా అబ్బా వ్యాపారం, నాకు పెళ్ళెందుకు కాలేదు, అన్నీ నీళ్ళ చెంబు చేతికిచ్చేలోపే అడిగేసింది. పరిశోధన చేసేది నేనా ఆమెనా అని నాకు అనుమానం వచ్చింది.

దశరథం ఆ దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "తళతళ మెరుస్తాంది గని, పుటుక్కున తెగుతాంది సారు. చెయ్యి గూడ దురద వెడుతాంది" అని మోచెయ్యి గోక్కున్నాడు. అయినా కళ్ళల్లో మెరుపు. చీరలు నేసి నేసి ఉన్న మనిషికి ఇసుక దారం దొరికితే ఊరుకుంటాడా? మగ్గం మీది పని దిగగానే ఇదే ఎక్కిస్తానన్నాడు.

"ఒక్కటే మాట దశరథన్నా" అన్నాడు అమరేందర్. "దీంట్ల వేరే ఏ దారం కలువొద్దు. పూర తెల్లగుండాలె. గీ వెడల్పే ఉండాలె, వేలెడు తగ్గినా వాళ్ళు తీసుకోరు."

"సరే" అన్నాడు దశరథం.

సాలమ్మ మాత్రం "పూర తెల్లగనా?" అని అడిగింది. అవునన్నాడు అమరేందర్. ఆమె ఇంకేమీ అనలేదు. మాటలపుట్ట లాంటి మనిషి అలా ఊరుకోవడం నాకు వింతగా అనిపించింది కానీ, బస్సు వేళవుతోందని లేచాం.

షెడ్డు పని వదిలి రాలేక అమరేందర్ మధ్యలో మళ్ళీ పోచంపల్లి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. గుడ్డ తయారైందని కబురు రాగానే అతనే స్కూటరు మీద పోయి, కాగితంలో చుట్టిన కట్టను ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఆ రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. బల్ల శుభ్రంగా తుడిచి, కట్ట విప్పి పరిచాడు. ఎంత చక్కని నేత! మెత్తగా, సన్నగా, వెన్నెల పరిచినట్టుంది. అబ్బ అనుకున్నాను. అంతలో అమరేందర్ మొహం మాడిపోయింది.

గుడ్డకు రెండు పక్కలా, ఈ కొసనుంచి ఆ కొసదాకా, ఒక్కో ఎర్ర దారం.

"ఏందిది? ఏందిది జాహేదా? చెప్పిన గద!" అని అరిచాడు. కత్తెర తీసుకుని అంచు కోసేద్దామా అన్నాను. కోస్తే పక్క దారాలన్నీ విడిపోతాయి, వెడల్పు కూడా తగ్గుతుందని కత్తెర లాక్కున్నాడు. పీకుదామంటే నేతలో ఇరుక్కుని ఉంది, ఇసుక దారం దానితోపాటు తెగుతోంది. స్కూటరు తీశాడు. "ఆ ఇంటోల్లను నాలుగు దులిపితె గని నా కడుపుమంట సల్లారదు" అన్నాడు. నేనూ వెనక ఎక్కాను. కోపం నా సొత్తు కదా, ఇంకొకరు పడుతుంటే ఎలా ఉంటుందో చూడాలని కూడా ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ ఎర్రదారం ఎందుకు వేశారో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం. సాలమ్మ పొయ్యి దగ్గరుంది. మగ్గం మీద మా పడుగు కొస ఇంకా అలాగే ఉంది, చివరన నేసిన ఒక చిన్న తునకతో సహా. అమరేందర్ గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"అన్నా, ఎర్రదారం ఎవరేసిన్రు?"

దశరథం తలొంచుకున్నాడు. "అమ్మ వెయ్యమన్నది సారు. వెయ్యకుంటె మగ్గం ఎక్కనీయనన్నది."

"నేనే ఏపిచ్చిన" అంది సాలమ్మ, ఊదుగొట్టం పక్కన పెట్టి. ఏమాత్రం జంకు లేదు. "అంచు లేని తెల్లగుడ్డ ఏందో ఎరుకేనా బిడ్డా నీకు? శవం మీద కప్పుతరు గట్లాంటిది. మా అత్త నాటినుంచి గీ ఇంట్ల ఎన్నడు గట్లాంటి గుడ్డ మగ్గం దిగలే. నువ్వు సూస్తె పిల్లగానివి. నౌకరి ఇడిసిపెట్టి కొత్తగ పని పెట్టుకున్నవ్. నీ మొదటి గుడ్డ గట్ల నీ చేతుల పెట్టి పంపియ్యాల్నా? నా మనసొప్పలే. ఏమన్న అనుకో."

దులుపుతానన్న మనిషి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మా ఇంట్లోనూ శవానికి చుట్టే కఫన్ తెల్లదే. మా నాయనమ్మ గులాబ్‌బీ పోయినప్పుడు ఆ తెల్లగుడ్డ కొలవడం నేను చూశాను. ఆ తరవాత చాలాకాలం తెల్ల దుప్పటి కప్పుకోలేకపోయాను. ఈ అవ్వ పిచ్చిదని ఎలా అనను?

"అవ్వా, నీ మనసు మంచిదే" అన్నాడు అమరేందర్. "గని నా పని ఆగమైంది. గా దారం నూలుది. మంటల కాలుతది. వేరే ఏమీ కలువొద్దన్న గదనే."

"ఇంకేం కలిపిన? గంతే."

ఎందుకడిగానో తెలియదు. ప్రశ్నలడిగీ అడిగీ నోటికి పట్టిన అలవాటు కావచ్చు. "అవ్వా, దారం తెచ్చిన కాడినుంచి ఏమేం చేసిన్రో జర మొదటినుంచి చెప్పు" అన్నాను.

"ఏమున్నది బిడ్డా, అందరు చేసేదే. దారం తోడినం. పడుగు పోసినం. పొద్దుగాల వాడకట్టుల చాచి గంజి పట్టిచ్చినం, చేతికి ఇంత పల్లినూనె రాసుకొని కుంచెతోని తీసినం. ఎండినంక..."

"గంజా?" అన్నాడు అమరేందర్.

అతని గొంతు విని దశరథం కూడా తలెత్తాడు.

"గంజి లేకుంటె పడుగు నిలుస్తదా సారు?" అన్నాడు. "ఉత్తగ ఎక్కిచ్చి చూసిన. చేతిల చేతిల తెగిపోయింది. గంజి పడ్డంకనే నేత సాగింది."

అమరేందర్ రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. గుడ్డ పొరల మధ్య జిగురు పోసి గట్టిపరుస్తారని చెప్పాను కదా. గుడ్డ నిండా గంజీ నూనే ఉంటే ఆ జిగురు దారాన్ని పట్టదు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. పరీక్షలో మంట తగలగానే పొరలన్నీ ఊడివస్తాయి. ఎందుకు ఊడాయో ఎవరికీ తెలియదు, గుడ్డే పనికిరానిది అంటారు. గంజి సంగతి వీళ్ళు చెప్పలేదు. కూరలో ఉప్పు వేశానని ఎవరైనా చెప్తారా? అతను అడగలేదు. మెట్ట సేద్యం ఇంట్లో పుట్టినవాడికి పడుగుకు గంజి పెడతారని ఎలా తెలుస్తుంది? ఆ ఎర్రదారం కంటబడి కోపం రాకపోతే, మేం ఇక్కడికి వచ్చేవాళ్ళమే కాదు. ఆ గంజి గుడ్డే నేరుగా పరీక్షకు పోయేది.

"అయిపోయింది. కడిగితె గూడ పూర పోదది" అన్నాడు అమరేందర్. షెడ్డుకు వేయాల్సిన తాళం అతని కళ్ళ ముందు కనబడుతున్నట్టే ఉంది.

పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. నాకు ఒకటే తొలుస్తోంది. ఇసుక కాలదు కదా? గంజి కాలుతుంది కదా? అప్పుడేమవుతుంది?

"దశరథన్నా, మగ్గం మీద మిగిలిన తునక ఇస్తవా?" అన్నాను. కోసిచ్చాడు. దానికీ ఒక పక్క ఎర్రదారం ఉంది. సాలమ్మ పట్టుకారుతో అందుకుని, నిప్పుల మీద పెట్టింది.

పొగ లేచింది. అడుగంటిన అన్నం వాసన. గుడ్డ గోధుమరంగుకు తిరిగి, చూస్తుండగానే నల్లగా అయిపోయింది. అమరేందర్ "ఇగో, చూసినవా" అని మొహం తిప్పుకున్నాడు. సాలమ్మ తీసేయబోయింది.

"తియ్యకవ్వా! ఉండనీ!" అని అరిచాను. "ఊదు, ఇంకా ఊదు."

ఆమె నావైపు ఒకసారి చూసి ఊదుగొట్టం అందుకుంది. బుగ్గలు పూరించి ఊదింది. నిప్పులు భగ్గుమన్నాయి. నల్లటి తునక మూలన ఒక తెల్లచుక్క కనిపించింది. అది పెద్దదైంది. నలుపు వెనక్కి వెనక్కి జరుగుతోంది, తెలుపు దాన్ని తరుముతోంది.

"అవ్వో! గుడ్డ కాలుతలేదే!" అంది సాలమ్మ. "నిప్పుల ఏసినా తెల్లగైతాంది సూడు! ఇదేం మాయ?" దశరథం మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. అమరేందర్ ఎప్పుడు వచ్చి మా పక్కన కూర్చున్నాడో తెలియదు. నలుగురం పొయ్యి ముందు తలలు తాకించుకుంటూ చూశాం. ఆ క్షణం ఎవరు చదువుకున్నవాళ్ళో, ఎవరు కాదో, ఎవరి షెడ్డు మూతపడుతుందో, నాకేదీ గుర్తులేదు. చూడాలి, అంతే.

అమరేందర్ వేలు చూపించాడు. "జాహేదా, ఎర్రదారం చూడు. ఇక్కడ ఇంకా నల్లగ గీత లెక్క ఉన్నది. దాని పక్కన గుడ్డ గూడ మబ్బుగనే ఉన్నది. అటు కొసకు దారం పూర పోయింది, గుడ్డ గూడ తెల్లగైంది." సాలమ్మ ఇంకాస్త ఊదింది. గీత కొసదాకా మాయమైంది. తునక బయటికి తీస్తే, పాలమీగడలా తెల్లగా ఉంది.

"అవ్వా!" అన్నాడు అతను. "నీ దారం పోయిన కాడ గంజి గూడ పోయిందే!"

"నా దారం కాలిందని సంబరపడుతున్నవా బాడ్కావ్?" అంది సాలమ్మ. తిట్టిందే కానీ, నవ్వుతోంది.

బయల్దేరబోతుంటే మాత్రం ఆమె అమరేందర్ చెయ్యి పట్టుకుంది. "అయితె గిప్పుడు గుడ్డ మొత్తం కాలుస్తవ్. అంచు పోతది. ఉత్త తెల్లగనే పోతది గద?" ఆ కళ్ళల్లో భయం అలాగే ఉంది.

"నీ ఇంటినుంచి అంచుతోనే పంపినవ్ గదవ్వా" అన్నాడతను. "నీది నువ్వు చేసినవ్. నా షెడ్డుకు పోయినంక ఏదైనా నాదే." ఆమె చెయ్యి వదిలింది కానీ, మేం సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

షెడ్డులో కరెంటు బట్టీ ఉంది. గుడ్డను విడివిడిగా వేలాడదీసి వేడిచేశాం. కొంతసేపయ్యాక పనివాళ్ళు "తెల్లగైంది సారు, తీద్దామా" అన్నారు. పై నుంచి చూస్తే తెల్లగానే ఉంది. అమరేందర్ అంచు చూశాడు. లోపలి మడతలో నల్లటి గీత ఇంకా సన్నగా కనిపిస్తోంది. "తియ్యొద్దు" అన్నాడు. గీత పూర్తిగా పోయాకే తీశాడు. వేడికి గుడ్డ పెళుసెక్కింది. బాలింత బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

పొరలు చుట్టి జిగురు పోశాక పరీక్ష. అది జరిగే చోటికి నన్ను రానివ్వలేదు. గేటు బయట, చెట్టు కూడా లేని ఎండలో నిలబెట్టారు. కాపలావాడు "ఎవరమ్మా నువ్వు, ఇక్కడేం పని" అని మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి కోప్పడే ఓపిక కూడా లేదు నాకు. నా పరిశోధన సంగతే మరిచిపోయాను. ఆ గుడ్డ నిలవాలి, అంతే. యా అల్లా, ఆ గుడ్డ నిలవాలి.

అమరేందర్ చేతిలో ఒక ముక్కతో బయటికి వచ్చాడు. పైన మంట తగిలినవైపు నల్లగా మాడింది. పక్కనుంచి చూస్తే పొరలన్నీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. ముక్కను నా చేతిలో పెట్టాడు. నేనే ఏడ్చాను, కాపలావాడి ముందే, సిగ్గులేకుండా.

మళ్ళీ దారం ఇచ్చారు. ఇద్దరం పోచంపల్లి వెళ్ళాం. "అవ్వా, ఈసారి గూడ రెండు పక్కల ఎర్రదారం వెయ్యాలె. ఎప్పటికీ వెయ్యాలె" అన్నాడు అమరేందర్.

"ఎందుకు? మల్లా కాల్చెటందుకా?"

"అవునవ్వా. గంజి కంటికి కనవడదు. నీ దారం కనవడతది. అది పూర పోయిందంటె గంజి పోయినట్టు. నీ దారం చూసే బట్టీ బంద్ చేస్త."

"అంటె, నా అంచు పోయేదాక గుడ్డ నీ ఇల్లు దాటదన్నట్టు."

"దాటదు."

"గట్లయితె మంచిగ ఎరుపు అద్దుత" అంది.

నేను అన్నీ రాసుకుంటుంటే ఆమె నా పక్కకు జరిగి, గుసగుసగా అంది. "బిడ్డా, శవం గుడ్డ అన్న గద, గా మాట రాయకు. పిల్లగాని పని నిలదొక్కుకునేదాక గా మాట కాయితం మీద ఉండొద్దు." రాయనని మాటిచ్చాను. రాయలేదు. నా సిద్ధాంత గ్రంథంలో 'అంచులోని ఎర్ర నూలుదారం, గంజి పూర్తిగా తొలగిందని చూపే గుర్తు' అని మాత్రమే ఉంటుంది.

1992లో నా మౌఖిక పరీక్షలో, బయటినుంచి వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగారు. పక్కన రఘుపతిగారు నావైపే చూస్తున్నారు.

"బాగుందమ్మా. కానీ ఈ ఎర్రదారం ఆలోచన ఎలా పుట్టిందో రాయలేదు. ఇంజనీరు తెగింపులోంచేనా?"

అవ్వ రాయొద్దంది కానీ, అడిగితే చెప్పొద్దని అనలేదు.

"కాదు సార్, భయంలోంచి" అన్నాను.

"నష్టపోతాననే భయమా?"

"కాదు సార్. ఒక ముసలామెకు, ఎవరో ఊరుగాని ఊరి పిల్లవాడికి ఏమైనా అవుతుందేమోనని భయం వేసింది. వాడు వద్దన్నా అంచు వేయించింది."

పెద్దాయన పుస్తకం మూశారు. కొత్తది భయంలోంచి కూడా పుడుతుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. రఘుపతిగారు వేలు పెట్టి చూపించమన్నారు కదా, చూపించాను.